తుప్పు పట్టిన బోల్టు వెనుక నూట ఎనభై ఏళ్ల చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. గుడుల గురించి, పాలెగాళ్ల గురించి వ్రాయగల పండితులు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన చరిత్ర వేరు. నాది చిత్తూరు జిల్లా ఐరాల. ఉద్యోగకాలమంతా ప్రభుత్వ వాహనాల మరమ్మతులు, విడిభాగాల లెక్కల మధ్యనే గడిచింది. కాబట్టి పాత కార్లలో, జీపుల్లో ఊడిరాక మొండికేసే బోల్టుల చరిత్ర వ్రాస్తున్నాను. ఇదేం విషయమని నవ్వకండి. మనం ఎక్కి తిరిగిన బళ్ల చరిత్ర అందులోనే ఉంది.

ఈ విషయం ఇప్పుడే ఎందుకంటే, 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు. ఆఫీసు ఆవరణల్లో వేపచెట్ల కింద నిలిచిన జీపులు, అంబాసిడర్లు తుక్కుకు పోతున్నాయి. మరోవైపు, వేలంలో కొన్నవో నాన్నగారి కాలం నాటివో పాత కార్లను మళ్లీ రోడ్డెక్కించాలని మన పిల్లలు, మనవలు ముచ్చట పడుతున్నారు. వారికి మొదట ఎదురయ్యే శత్రువు తుప్పు పట్టిన బోల్టు. పానా వేసి బలంగా తిప్పుతారు. తల గుండ్రంగా అరిగిపోతుంది, లేదా బోల్టే తెగిపోతుంది. తప్పంతా తుప్పుదే అనుకుంటారు. నా అనుభవంలో సగం బోల్టులు చెడింది తుప్పు వల్ల కాదు. అవి ఏ దేశపు కొలతలో పుట్టాయో తెలుసుకోకుండా పానా వేయడం వల్ల చెడ్డాయి.

మా వైపు మెకానిక్కులు

ఐరాల మండలమంటే అందరికీ కాణిపాకం గుర్తుకొస్తుంది. చుట్టుపక్కల చెరకు, బెల్లం గానుగలు, బావులపై మోటార్లు. మా మేస్త్రీలలో చాలామంది కార్లతో పని మొదలుపెట్టినవారు కారు. ఆయిల్ ఇంజన్లు, గానుగల పళ్లచక్రాలు విప్పి బిగిస్తూ చేయి తిప్పుకొని, ఆ తరువాత చిత్తూరు షెడ్లలో జీపులు, కార్లు నేర్చారు. చెరకు రసం, పొయ్యి వేడి తగిలే గానుగ బోల్టు ఒక్క సీజన్‌కే బిగుసుకుపోతుంది. అందుకే వారికి మొండి నట్టంటే భయం ఉండదు, తొందరా ఉండదు.

నేను బాగా ఎరిగిన ఒక వృద్ధ మేస్త్రీ కొత్తగా చేరిన పిల్లలకు ఒకే మాట చెప్పేవాడు: "అబ్బోడా, పానా పట్టేముందు నట్టును చూడరా. అది ఏ ఊరిదో అడగరా." ఆ మాటలో ఎంత చరిత్ర ఉందో నాకు తరువాత పుస్తకాలు చదివితే గాని తెలియలేదు.

విట్‌వర్త్ దొర కొలత

రెండు వందల ఏళ్ల క్రితం ప్రతి కర్మాగారమూ తనకు తోచినట్లు బోల్టు చేసుకొనేది. ఒక షెడ్డులో చేసిన నట్టు మరో షెడ్డు బోల్టుకు ఎక్కేది కాదు. ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు అనేక కర్మాగారాల బోల్టులు సేకరించి, వాటి కొలతలకు సగటు కట్టి, 1841లో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. మరల మధ్య కోణం 55 డిగ్రీలు. ఎంత లావు బోల్టుకు అంగుళానికి ఎన్ని మరలుండాలో పట్టిక వేశాడు. రైళ్లు, ఓడలు, యంత్రాలతో పాటు ఆ పద్ధతి బ్రిటిషు సామ్రాజ్యమంతా పాకింది. 1908లో కొంచెం సన్నని మరలతో బి.ఎస్.ఎఫ్. అనే తమ్ముడు దానికి పుట్టాడు. మోటారు వాహనాలకు అది బాగా పనికివచ్చింది.

ఆ కాలపు బండిని కళ్లారా చూడాలంటే హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లాలి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తయారు చేయించిన పసుపు పచ్చని 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడ ప్రదర్శనలో ఉంది. కారు చేరేనాటికి ఆయన లేరు, 1911లోనే కన్నుమూశారు. చాలా తక్కువ దూరం తిరిగి దశాబ్దాలు మూలనపడిన ఆ కారును మళ్లీ బాగు చేయించి నిలబెట్టారు. అంత పాత బండిని విప్పడమంటే ఒక్కొక్క బోల్టునూ బతికించుకోవడమే. ఆ కాలపు బోల్టు బజారులో దొరకదు.

అమెరికా దారి వేరు

అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో మరో పద్ధతి తెచ్చాడు. కోణం 60 డిగ్రీలు. 55 డిగ్రీలు కొలవడం, కోయడం సామాన్య పనివారికి కష్టమని, 60 సులభమని ఆయన వాదన. చాలా లావుల్లో అంగుళానికి మరల సంఖ్య రెండు దేశాల్లోనూ ఒకటే. పావు అంగుళానికి రెండింటిలోనూ 20. కాని అర అంగుళం బోల్టుకు విట్‌వర్త్ 12 మరలు, అమెరికా 13. చూపుకు అన్నదమ్ములే, ఇంట్లో మాత్రం పొసగదు.

దీని నష్టం రెండో ప్రపంచయుద్ధంలో తెలిసివచ్చింది. ఒకే సైన్యంలో బ్రిటిషు బళ్లు, అమెరికా బళ్లు ఉంటే రెండు రకాల విడిభాగాలు, రెండు రకాల పానాలు మోయాలి. చివరికి 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా వాషింగ్టన్‌లో కూర్చొని 60 డిగ్రీల ఉమ్మడి పద్ధతికి ఒప్పుకున్నాయి. మెకానిక్కులు యు.ఎన్.ఎఫ్., యు.ఎన్.సి. అనేవి అవే. ఐరోపాలోని మిగతా దేశాలు అప్పటికే మిల్లీమీటర్ల దారిలో ఉన్నాయి.

మన దేశంలో అందరూ కలిశారు

ఇప్పుడు మన బళ్ల సంగతి. హిందుస్థాన్ మోటార్స్ 1942లో మొదలైంది. దాని తొలి కారు హిందుస్థాన్ 10, అంటే బ్రిటన్ వారి మోరిస్ 10. దాని ఇంజనులో ఒక విచిత్రం ఉంది. మోరిస్ కంపెనీ 1923లో కోవెంట్రీలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీ ఇంజన్ల కర్మాగారాన్ని కొన్నది. అక్కడి యంత్రాలు ఫ్రెంచి మిల్లీమీటర్ల మరలు కోసేవి. వాటిని మార్చకుండా, బ్రిటిషు మెకానిక్కుల పానాలు పట్టడానికి బోల్టు తలలు మాత్రం విట్‌వర్త్ కొలతకు చేశారు. తల ఇంగ్లండుది, ఒళ్లు ఫ్రాన్సుది! ఆ బోల్టు పోతే దాని స్థానంలో ఇంగ్లీషు బోల్టు దూర్చినవారు లోపలి మరలన్నీ పాడుచేసుకున్నారు.

తరువాత 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ రకం ఆధారంగా అంబాసిడర్ వచ్చింది. కలెక్టరు మొదలు తహశీల్దారు వరకు మన ఉద్యోగ జీవితంలో దాని సీటు తెలియనివారు లేరు. ఇంజనుకు ఎక్కువగా ఉమ్మడి పద్ధతి అంగుళాల బోల్టులు. 1990ల మొదట్లో జపాన్ ఇసుజు ఇంజను అదే బాడీలో వచ్చి కూర్చుంది. అది మిల్లీమీటర్లది. అంటే ఒకే కారులో బాడీ కిందకు వంగితే అంగుళాలు, బానెట్ ఎత్తితే మిల్లీమీటర్లు. 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది.

బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ వారి ఫియట్ ఇటలీ సంతానం, కాబట్టి మిల్లీమీటర్లు. మహీంద్రా వారు 1947 నుంచి బిగించిన విల్లీస్ జీపు అమెరికా సంతానం, కాబట్టి అంగుళాలు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 జపాన్ సంతానం, మళ్లీ మిల్లీమీటర్లు. అందులోనూ తేడా ఉంది. 8 మి.మీ. బోల్టుకు ఐరోపా కారులో 13 పానా, జపాన్ కారులో 12 పానా. 10 మి.మీ. బోల్టుకు అక్కడ 17, ఇక్కడ 14.

1957 ఏప్రిల్‌లో నయాపైసలు, 1958 అక్టోబరు నుంచి కిలోలు, మీటర్లు వచ్చినప్పుడు మన పెద్దలు ఎన్ని తంటాలు పడ్డారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అణాలు, వీశెలు కొన్నేళ్లలో వెళ్లిపోయాయి. బోల్టులలో అంగుళాలు మాత్రం నిన్నమొన్నటి వరకు వెళ్లలేదు. మెకానిక్కు పెట్టెలో బ్రిటన్, అమెరికా, ఇటలీ, జపాన్ కలిసి కాపురం చేశాయి.

తల అరిగేది ఇక్కడే

దీన్ని లెక్కలో చూడండి. అంబాసిడర్‌లో తరచు కనిపించే 5/16 అంగుళం బోల్టు తల వెడల్పు అర అంగుళం, అంటే 12.7 మి.మీ. దానికి ఇప్పటి పెట్టెలోని 13 పానా వేస్తే సరిపోయినట్టే ఉంటుంది. తేడా మూడు పదుల వంతులు, అంటే 0.3 మి.మీ. మాత్రమే. కొత్త బోల్టయితే తిరుగుతుంది. ముప్పై ఏళ్లు తుప్పు పట్టిన బోల్టయితే పానా ఆరు మూలలనూ చెక్కేస్తుంది. విట్‌వర్త్ తల మరీ మోసం. పానా మీద 1/4 అని వ్రాసి ఉంటే అది తల వెడల్పు కాదు, బోల్టు లావు. ఆ తల వెడల్పు సుమారు 13.3 మి.మీ. ఉంటుంది. అమెరికా పద్ధతి పానా మీద అదే 1/4 ఉంటే అది తల వెడల్పే, 6.35 మి.మీ. పేరు ఒకటే, మనుషులు ఇద్దరు.

మరలదీ అదే కథ. 5/16 అంటే 7.94 మి.మీ. దాని పక్కన 8 మి.మీ. బోల్టు పెడితే కంటికి తేడా తెలియదు. ఒక చుట్టు, రెండు చుట్లు తిరిగాక బిగుస్తుంది. "తుప్పేమోలే" అని గట్టిగా తిప్పితే మరలు పోతాయి. ఇలా పదేళ్ల క్రితం ఎవరో చేసిన పని ఇప్పుడు మన చేతికి 'తుప్పు పట్టిన బోల్టు' అనే పేరుతో వస్తుంది.

ఎడమ మర

జీపుల్లో మరో రహస్యం ఉంది. పాత విల్లీస్ జీపులకు ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరవి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగియవు, ఊడతాయి. చక్రం తిరిగే తిరుగుడుకు నట్టు వదులు కాకూడదని అలా చేశారు. మన సైకిలు ఎడమ పెడలుకు కూడా ఇదే ఏర్పాటు. స్టడ్డు కొనపై ఇంగ్లీషు 'ఎల్' అక్షరం చెక్కి ఉంటుంది. మట్టి, తుప్పు కింద అది కనబడదు.

ఒకసారి ఎన్నికల సామగ్రితో బయలుదేరిన ఒక కార్యాలయం జీపుకు దారిలో ఎడమ చక్రం పంచరయింది. డ్రైవరు కొత్తవాడు. నట్టు రాలేదని పానాకు పైపు తగిలించి, ఇద్దరు దానిపై ఎక్కి నిలబడ్డారు. రెండు స్టడ్లు తెగిపోయాయి. వెనుక వచ్చిన ట్రాక్టరులోకి పెట్టెలు మార్చి పంపవలసి వచ్చింది. సాయంత్రం వచ్చిన పెద్ద డ్రైవరు గుడ్డతో తుడిచి 'ఎల్' చూపించి, మిగిలిన మూడు నట్లూ ఒంటిచేత్తో విప్పాడు. ఆ నట్లకు తుప్పే లేదు. వాళ్లు విప్పడం కాదు, బిగించారు.

తుప్పు చేసే పని

తుప్పును మా వైపు కొందరు చిలుము అంటారు. ఇనుము, గాలిలోని ప్రాణవాయువు, నీరు కలిస్తే తుప్పు. అది పుట్టిన ఇనుము కంటే రెండు రెట్లకు మించి చోటు ఆక్రమిస్తుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య ఉన్న సన్నని సందులో ఆ ఉబ్బు ఎటూ పోలేక రెండింటినీ ఒకటిగా బిగించేస్తుంది. ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది. అందుకే సముద్రతీరంలో తిరిగిన బండి కంటే మన మెట్టసీమ బండి మేలని పాత కార్లు కొనేవారు చెబుతారు. అయితే సైలెన్సరు, మానిఫోల్డు బోల్టులు ఎక్కడైనా ఒకటే. ప్రతి ప్రయాణంలో బాగా కాగి, మళ్లీ చల్లారి, చెమ్మ పీల్చుకుంటాయి. అందుకే తెలిసినవారు అక్కడ ఇత్తడి నట్లు వేస్తారు. ఇత్తడికి తుప్పు లేదు, ఇనుముతో అతుక్కోదు.

నాలుగు ఉపాయాలు

బోల్టు విప్పడానికి ఆ మేస్త్రీ పాటించిన క్రమం మన పెద్దలు రాజనీతిలో చెప్పిన సామ దాన భేద దండోపాయాలకు సరిగ్గా సరిపోతుంది.

మొదటిది సామం. ఇనుప బ్రష్షుతో మట్టి, తుప్పు గోకి, బయటకు కనబడే మరలు శుభ్రం చేయాలి. తల ఏ కొలతదో, మర కుడిదో ఎడమదో చూడాలి. ఆరు మూలలనూ పట్టే రింగు పానా గాని, ఆరు పలకల సాకెట్టు గాని వేయాలి. నోరు తెరిచిన పానా రెండు పలకలనే పడుతుంది, పన్నెండు మూలల రింగు మూలల దగ్గరే ఆనుతుంది. అరిగిన తలకు రెండూ పనికిరావు.

రెండవది దానం, అంటే నూనె ఇవ్వడం. వెనుకటి రోజుల్లో కిరోసిన్, ఇంజనాయిలు కలిపి రాత్రి పోసి తెల్లవారి విప్పేవారు. ఇప్పుడు డబ్బాలు వచ్చాయి. ప్రసిద్ధమైన డబ్ల్యూ.డి.40 నూనె 1953లో అమెరికాలోని శాన్‌డియేగోలో క్షిపణుల లోహానికి చెమ్మ తగలకుండా తయారైంది. నలభయ్యవ ప్రయత్నంలో కుదిరిందని ఆ సంఖ్య. చెమ్మ తోలడం దాని అసలు పని. బిగుసుకున్న మరల్లోకి దిగేందుకే చేసిన నూనెలు వేరే ఉన్నాయి, అడిగి తీసుకోండి. ఏ నూనెయినా పోసి, తలపై సుత్తితో చిన్నగా కొడుతూ ఉండాలి. ఆ అదురుకు తుప్పు చిట్లి నూనె దిగుతుంది. ఒకరోజు ఆగితే నష్టం లేదు. పింఛను తీసుకునేవాళ్లం, మనకు తొందరేమిటి?

పానా వేశాక ముందు విప్పే వైపు కాదు, పిసరంత బిగించే వైపు తిప్పాలి. తుప్పు బంధం తెగిన 'టక్' శబ్దం వస్తుంది. అప్పుడు విప్పండి. అరచుట్టు విప్పి, పావుచుట్టు బిగించి, మళ్లీ నూనె పోస్తూ రావాలి. ఒకే ఊపున లాగితే గోకిన తుప్పు మరల్లో ఇరుక్కొని మధ్యలో తెగుతుంది.

మూడవది భేదం, అంటే వేడితో నట్టునూ బోల్టునూ విడదీయడం. గ్యాసు మంట నట్టుపైనే పడాలి, బోల్టుపై కాదు. నట్టు సాగి రంధ్రం పెద్దదవుతుంది. 10 మి.మీ. రంధ్రం 300 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.036 మి.మీ., తలవెంట్రుకలో సగం. ఆ సగం వెంట్రుకే తుప్పు పట్టును వదిలిస్తుంది. వేడి నట్టుకు మైనపు వత్తి ముట్టిస్తే మైనం కరిగి మరల్లోకి జారుతుంది.

నాలుగవది దండం. నట్టు మళ్లీ దొరికేదయితే దానిని బలి ఇచ్చి బోల్టును దక్కించుకోవాలి. ఉలితో గాని, రంపంతో గాని నట్టును ఒక పక్క చీలిస్తే వదులుతుంది. తల గుండ్రమైతే ఆకురాయితో రెండు పక్కలా పలకలు తీసి చిన్న పానా వేయవచ్చు, లేదా తలపై కొత్త నట్టు వెల్డింగు చేయించవచ్చు. ఆ వెల్డింగు వేడి కూడా మేలే చేస్తుంది. స్టడ్డు కొంత బయట ఉంటే రెండు నట్లు ఒకదానికొకటి బిగించి లోపలి నట్టును తిప్పాలి. లోపలే తెగితే సరిగ్గా నడిమధ్య పంచ్ కొట్టి, రంధ్రం వేసి, ఈజీ ఔట్ అనే ఎడమ మర పనిముట్టుతో తీస్తారు. ఆ పనిముట్టు గట్టిది, కాని పెళుసు. లోపల విరిగితే డ్రిల్లు కూడా దిగదు. కాబట్టి అది లేతు పనివారికే వదలండి.

పెద్దలకు, పిల్లలకు జాగ్రత్తలు

జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు, గట్టి స్టాండ్లు పెట్టండి. ఉలి దెబ్బకు ఎగిరే చిన్న తునక కన్ను తీస్తుంది, అద్దాలు పెట్టుకోండి. పెట్రోలు ట్యాంకు, పెట్రోలు పైపు, బ్రేకు రబ్బరు పైపు, షాక్ అబ్జార్బరు దగ్గర మంట వద్దు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పండి. బ్రేకు, స్టీరింగు, చక్రాల బోల్టులు ఒకసారి తల అరిగితే మళ్లీ వేయవద్దు. పదో ఇరవయ్యో రూపాయలు మిగులుతాయి గాని ప్రాణం మిగలదు. మళ్లీ బిగించేటప్పుడు మరలకు కొంచెం గ్రాఫైట్ గ్రీజు రాయండి. పదేళ్ల తరువాత విప్పేవాడు మిమ్మల్ని తలచుకుంటాడు. చక్రాల నట్లకు, ఇంజను హెడ్డుకు మాత్రం తయారీదారు చెప్పిన పద్ధతే పాటించండి, ఎందుకంటే గ్రీజు రాస్తే అదే బలానికి బోల్టు ఎక్కువ బిగుస్తుంది.

సభ్యులకు నా విన్నపం

మన ఇళ్లలో అటకలపై పాత పానాల పెట్టెలు ఉండవచ్చు. వాటిపై డబ్ల్యు, బి.ఎస్., ఏ.ఎఫ్. అనే అక్షరాలున్నాయేమో చూడండి. తుక్కువాడికి అవి కిలోల లెక్క, కొన్ని రూపాయలు. పాత బండి బాగుచేసేవాడికి అవి దొరకని సొత్తు. వాటిని అమ్మవద్దు. ఏ పానా ఏ బండికో ఒక చీటీ వ్రాసి పెట్టెలో ఉంచండి. మీకు తెలిసిన డ్రైవర్లు, మేస్త్రీలు ఇంకా మన మధ్య ఉంటే వారిని కూర్చోబెట్టి మీ మనవడి చేత ఆ వివరాలు వ్రాయించండి.

మన కార్యాలయాల ఫైళ్లు రికార్డు గదుల్లో భద్రంగా ఉన్నాయి. ఆ ఫైళ్లు మోసిన బళ్లను నిలబెట్టిన చేతుల విద్య ఏ ఫైలులోనూ లేదు. ఆ చేతులు ఒక్కొక్కటిగా విశ్రమిస్తున్నాయి. తుప్పు ఇనుముకే కాదు, వాడని విద్యకు కూడా పడుతుంది. దాన్ని వదిలించే పని మనది.